కవిత్వం చదివితే కథ బాగుపడుతుందంటారు, నాది ఇంకా చెడింది

చిత్తుప్రతి:

అందరికీ నమస్కారం. కథలు రాస్తుంటాను. అచ్చయినవి మూడు, తిరిగొచ్చినవి లెక్కపెట్టడం మానేశాను. ఆ మధ్య ఒక సంపాదకుడు కథ వెనక్కి పంపుతూ, ఆధునిక కవిత్వం చదవండి, వాక్యం మీద పట్టొస్తుంది అని ఒక్క ముక్క రాశారు. సరేనని మూడు నెలలు బుద్ధిగా అదే పని మీద కూర్చున్నాను. శ్రీశ్రీ, తిలక్, ఇస్మాయిల్, అజంతా, ఇంగ్లీషు నుంచి మరికొన్ని. చదువుతున్నంతసేపూ హాయిగానే ఉంది. తీరా కథ రాయబోతే చేతికి ఏదో జబ్బు పట్టుకున్నట్టుంది. ప్రతి వాక్యానికీ అలంకారం కావాలనిపిస్తోంది. కొత్త కథ చివరి పేరా ఇక్కడ పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

"నాన్న గది ఎడారిలా నిశ్శబ్దంగా ఉంది. సుజాత మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, బల్ల ముందు కూర్చుని, సొరుగు లాగి, లోపలున్న కళ్ళజోడు పెట్టె తీసి చూసింది. గుండె గాజులా పగిలినట్టయింది. కళ్ళజోడు కాడకి చుట్టిన తెల్లదారం ఆమెకు తమ ఇద్దరి మధ్య తెగిపోయిన బంధంలా కనిపించింది. బాగు చేయిస్తానని మాటిచ్చి ఎన్నిసార్లు మర్చిపోయిందో గుర్తొచ్చి పశ్చాత్తాపంతో కుమిలిపోయింది. కన్నీళ్ళు వర్షంలా కురిశాయి."

అసలు కథ రాసేవాడు కవిత్వం నుంచి ఏం తీసుకోవాలి? ఏం తీసుకోకూడదు?

నిద్రరాని పాఠకుడు:

ముందు చిన్న లెక్క. ఆరు వాక్యాలు, నాలుగు "లా"లు. ఎడారిలా, గాజులా, బంధంలా, వర్షంలా. మీరు కవిత్వం నుంచి తెచ్చుకున్నది ఇదొక్కటే అయితే, పెళ్ళికి వెళ్ళి ఎవరివో చెప్పులేసుకుని వచ్చినట్టే.

గుండె గాజులా పగిలిందనగానే నేను దారాన్ని వదిలేసి గాజు దగ్గరికి వెళ్ళాను. అక్కణ్ణుంచి మళ్ళీ గదిలోకి రావాలి. ఈలోగా మీరు నన్ను వర్షంలోకి తోశారు. మీ పేరాలో నిజంగా కంటికి కనబడే వస్తువు ఒక్కటే, ఆ దారం. దాన్ని కూడా బంధం చేసి మాయం చేశారు.

అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ సంగతి వినే ఉంటారు. పారిస్ మెట్రోలో రైలు దిగి, గుంపులో ఒకదాని తర్వాత ఒకటి అందమైన ముఖాలు చూశాడు. దాని మీద ముప్ఫై లైన్ల కవిత రాసి, నచ్చక చింపేశాడు. ఆరు నెలలకి అందులో సగం నిడివితో మళ్ళీ రాశాడు. ఇంకో ఏడాదికి రెండే లైన్లు మిగిలాయి. 1913లో అచ్చయ్యాయి, ఈ కథంతా మరుసటి ఏడాది ఆయనే రాసుకున్నాడు. అందరూ ఇందులో కోత గురించి చెప్తారు కానీ నాకు ఇంకోటి ముఖ్యం. ఆ రెండు లైన్లలో ఒకదాంట్లో గుంపులోని ముఖాలు, రెండోదాంట్లో తడిసిన నల్లటి కొమ్మ మీద పూరేకులు. మధ్యలో "లా" లేదు, "వలె" లేదు. రెండూ పక్కపక్కన పెట్టి తను తప్పుకున్నాడు. కలుపుకునే పని మనది.

గళ్ళనోటు:

నేను పానకంలో పుడకలా వస్తున్నాను, తిట్టుకోకండి. (అవును, "లా" వాడాను.)

ఇప్పుడొచ్చే కవిత్వంలో సగం, వచనాన్ని ఎంటర్ కొట్టి విరగ్గొట్టింది. లైన్లన్నీ కలిపి చదివితే మామూలు పేరా, అదీ అంత గొప్ప పేరా కాదు. కవి పఠాభి 1939లో "ఫిడేలు రాగాల డజన్" వేసి పద్యాల నడుములు విరగదంతానన్నాడు. విరగదన్నాడు, మంచిదే. కానీ ఆయనకి పద్యం తెలుసు, ఏ ఎముక ఎక్కడుందో తెలిసి కొట్టాడు. ఇప్పుడు ఆ నడుమే లేదు. దీన్ని చదివి కథకుడు నేర్చుకోవడానికి ఏముంది? మంచి కథలు చదివితే సరిపోదా?

అరసున్న:

గళ్ళనోటు గారూ, మీరు చెప్పిన పరీక్ష మంచిదే. లైన్లు కలిపితే ఏమీ పోకపోతే అది కవిత కాదు. ఒప్పుకుంటాను. అయితే దాన్నే తిరగేసి చిత్తుప్రతి గారి పేరా మీద చేద్దాం. వచనాన్ని లైన్లుగా విరిచి చూద్దాం. నేను అనువాదాలు చేస్తుంటాను, ఎక్కడైనా చిక్కుకుంటే నా వచనాన్ని ఇలాగే విరుస్తాను. ఎక్స్‌రే తీసినట్టు లోపలిది కనిపిస్తుంది.

నాన్న గది ఎడారిలా నిశ్శబ్దంగా ఉంది

సుజాత మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి
బల్ల ముందు కూర్చుని
సొరుగు లాగి
లోపలున్న కళ్ళజోడు పెట్టె తీసి చూసింది

గుండె గాజులా పగిలినట్టయింది

లైన్ల చివరలు మాత్రం కిందకి చదవండి. ఉంది, వెళ్ళి, కూర్చుని, లాగి, చూసింది, పగిలినట్టయింది. ఒక్క వస్తువు లేదు. ఒక్క మనిషి లేదు. అన్నీ క్రియలు, అవీ ఏ పనీ చెయ్యని క్రియలు. బల్ల దాకా వెళ్ళకుండా సొరుగు లాగలేదు కదా, ఆ మాట మాకు చెప్పాలా?

ఇది మన భాషతో వచ్చిన ఇబ్బంది. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. వాక్యంలో చెవికి ఎక్కువసేపు మోగే చోటు కూడా చివరే. అంటే అన్నిటికన్నా మంచి కుర్చీ వెళ్ళి "ఉంది", "అయింది" లాంటి వాళ్ళకి దొరుకుతుంది. మీ పేరాలో ఆరు వాక్యాల్లో అయిదు "ంది" మోతతోనే ముగిశాయి. కవి ఆ కుర్చీని ఊరికే వదలడు. లైను విరవడం అంటే, ఏ మాట చివర కూర్చోవాలో తేల్చుకోవడం.

విలియం కార్లోస్ విలియమ్స్‌ది ఎర్ర తోపుడుబండి మీద ఒక కవిత ఉంది, 1923లోది. మొత్తం పదహారు మాటలు. నాలుగు ముక్కలు, ప్రతి ముక్కలో పై లైనుకి మూడు మాటలు, కింద ఒకటి. "వాననీళ్ళు" అన్న చోట వానకీ నీళ్ళకీ మధ్య లైను విరిచాడు. "వాన" అన్న చోట ఒక్క క్షణం ఆగుతాం, అప్పుడు "నీళ్ళు" వేరుగా కనబడతాయి. ఆ బండి దేనికి గుర్తు అని నన్నడక్కండి. ఆ ఆగడం ఉంది చూశారూ, అది కథలోకి తెచ్చుకోవచ్చు.

కామా:

వృత్తిరీత్యా రోజుకి పది పన్నెండు కథలు దిద్దుతాను. అరసున్న గారు చెప్పింది నిజమే కానీ, దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నవాళ్ళ వల్ల నాకు తలనొప్పి. క్రియ చివర్లో ఉండకూడదట అని ఎవరో చెప్పారు, అంతే, అందరూ "నవ్వింది ఆమె", "తెరిచాడు తలుపు, మెల్లగా" అని మొదలెట్టారు. కవిత్వం నుంచి కథలోకి వచ్చినవాళ్ళని రెండో వాక్యంలోనే పట్టేస్తాను. కవితలో ఆ తిరగేతకి చుట్టూ ఖాళీ ఉంటుంది, అందుకని నిలబడుతుంది. పేరా మధ్యలో అదే పని చేస్తే స్టేజీ మీద మైకు పట్టుకున్నట్టుంటుంది.

వాక్యాన్ని తలకిందులు చెయ్యకుండానే తెలుగులో దారులున్నాయి. క్రియ లేని వాక్యం మనకి సహజం. "ఆయన మేష్టారు" అంటాం, చివర ఇంకేం తగిలించం. "గది ఖాళీ" అంటే చాలు, నిశ్శబ్దం దానంతటదే వస్తుంది. ఎవరో అన్న మాటతో వాక్యం ముగించొచ్చు. ప్రశ్నతో ముగించొచ్చు. ఇవన్నీ మాట్లాడేటప్పుడు రోజూ చేస్తాం, రాసేటప్పుడే ఎందుకో యూనిఫాం వేసుకుంటాం.

గళ్ళనోటు:

యూనిఫాం మాట బాగుంది. కానీ చూడండి, ఇది మీరు కవిత్వం నుంచి కాదు, జనం మాటల్లోంచి నేర్చుకున్నారు.

కామా:

జనం మాటల్లో ఉన్నది వినడం కవిత్వం నేర్పింది. 1910లో ఒకే పత్రికలో, ఆంధ్రభారతిలో, ఒకే చెయ్యి "ముత్యాల సరాలు" కవితనీ "దిద్దుబాటు" కథనీ రాసింది. ఈ రెండూ ఒకే ఏడాది ఊరికే వచ్చాయనుకోను. గురజాడకి కవితలో మాట్లాడే గొంతు దొరకడం, కథలో దొరకడం ఒకే పని.

మూడోసారి:

కామా గారు ఆ మాట ఎత్తారు కాబట్టి నాకు తెలిసిన ముక్క ఒకటి. నేను కథలు చదివి రికార్డు చేస్తాను. మొదటిసారి అర్థం కోసం, రెండోసారి తప్పుల కోసం, మూడోసారి ఊపిరి కోసం చదువుతాను, పేరు అందుకే.

"ముత్యాల సరాలు" మొదటి లైను పైకి చదవండి: గుత్తునా ముత్యాల సరములు. నడక మూడు నాలుగు, మూడు నాలుగు మాత్రలు (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు). విడదీస్తే ఇలా వస్తుంది: గుత్తు / నాము / త్యాల / సరములు. నాము అనే మాట లేదు కదా. "గుత్తునా"లో తోక, "ముత్యాల"లో తల కలిసి ఒక అడుగైంది. మాట ఒక చోట ఆగుతుంది, తాళం ఇంకో చోట ఆగుతుంది. రెండూ ఒకే చోట ఆగితే టకటకమని పిల్లల పాటైపోయేది. అలా ఆగవు కాబట్టి ఎవరో మనతో మాట్లాడుతున్నట్టుంటుంది, అడుగున మాత్రం నడక తప్పదు.

కథకి తాళం అక్కర్లేదు. కానీ ఈ తప్పుకోవడం కావాలి. చిత్తుప్రతి గారి పేరా పైకి చదివాను. రెండో వాక్యంలో వెళ్ళి, కూర్చుని, లాగి అంటుంటే మెట్లు దిగుతున్నట్టు ప్రతి ముక్కా ఒకే బరువుతో పడుతోంది. సొరుగు తెరుచుకునేసరికి నాకు ఆసక్తి పోయింది. కామాలు ఉన్నచోటే అర్థమూ ఆగుతోంది, ఊపిరీ ఆగుతోంది. ఒక చోట పొడుగ్గా సాగి, ఒక చోట టక్కున తెగితే వినేవాడు లేచి కూర్చుంటాడు. శ్రీశ్రీ "మహాప్రస్థానం" (పుస్తకంగా 1950లో వచ్చినా, కవితలు చాలావరకు ముప్ఫైల్లోవి) పైకి చదివితే, అర్థం కన్నా ముందు ఈ ఎత్తుపల్లాలు ఒంటికి తగుల్తాయి. ఆయన మాటలు అరువు తెచ్చుకోకండి, వెంటనే దొరికిపోతారు. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

చిత్తుప్రతి:

రెండు రోజులు ఇటు రాలేదు, సిగ్గేసి కాదు, తిరగరాస్తున్నాను. "లా"లన్నీ పీకేశాను. ంది మోత తీసేశాను. ఇదిగో.

"గది. సొరుగు. కళ్ళజోడు పెట్టె. కాడకి దారం. తెల్లది. బాగు చేయిస్తానన్న మాట. ఎన్నోసార్లు. ఎన్నో వారాలు. సుజాత. దారం."

నిద్రరాని పాఠకుడు:

టెలిగ్రామ్ కొట్టారేంటండీ.

కామా:

ప్రతి చుక్కా ఒక నిట్టూర్పు. పది చుక్కలు, పది నిట్టూర్పులు. మొదటి వెర్షన్‌లో ఏడ్చింది సుజాత, ఇందులో ఏడుస్తున్నది పంక్చుయేషన్.

నవ్వుతూ అన్నాను, ఏమనుకోకండి. కానీ ఇది చాలామందికి వచ్చే రెండో జబ్బు. క్లుప్తత అంటే వాక్యాన్ని ముక్కలు చెయ్యడమనుకుంటారు. ఇస్మాయిల్ చిన్న కవితలు చూడండి, అవి ముక్కలు కావు. పూర్తి వాక్యాలు, ఎవరో ప్రశాంతంగా కూర్చుని చెప్తున్నట్టుంటాయి. చెప్పాల్సిందే తక్కువ ఎంచుకున్నాడు, చెప్పేది మాత్రం పూర్తిగా చెప్పాడు.

నాలుగో అధ్యాయం:

నవల రాస్తున్నాను (నాలుగో అధ్యాయంలో ఏడాదిగా ఉన్నాను, దాని గురించి ఇంకో రోజు). మీరంతా ఒక పేరా మీద కూర్చున్నారు, బాగానే ఉంది. నా బాధ వేరు. మూడొందల పేజీలు ఈ సాంద్రతతో రాస్తే ఎవడు చదువుతాడు? కవిత ఒక పేజీ. చదివేవాడు ఊపిరి బిగబట్టి ఒక పేజీ దాటగలడు, నవలంతా బిగబట్టలేడు. "అతను తలుపు తీశాడు" అనే వాక్యం నవలకి కావాలి. అందులో కవిత్వం ఉండకూడదు. తలుపు తీసుకోవాలి, మనిషి లోపలికి రావాలి, అంతే.

ఒక రకంగా తిలక్ ఇందుకు మంచి ఉదాహరణ. "అమృతం కురిసిన రాత్రి" రాసిన చెయ్యే "నల్లజర్ల రోడ్డు" కథ రాసింది. కవితల్లో ఉన్న వెన్నెలంతా ఆ కథలో కుమ్మరించి ఉంటే అది నడిచేది కాదు. ఒక పెద్దాయన పాత సంగతి చెప్తున్నట్టు సాగుతుంది. చీకటి ఉంది, భయం ఉంది, అవి మాత్రం ఒంటికి తెలుస్తాయి. కవిగా నేర్చుకున్నది ఎక్కడ వాడకూడదో తెలిసినవాడు.

నా అనుభవంలో కవిత్వం నాకు పనికొచ్చింది వాక్యాల దగ్గర కాదు, అధ్యాయాల మధ్య ఖాళీ దగ్గర. ఒక చరణం అయిపోయి ఇంకో చరణం మొదలయ్యేలోపు ఆధునిక కవి ఏళ్ళు దాటేస్తాడు, ఊళ్ళు దాటేస్తాడు, మనల్ని అడగడు. నేను మాత్రం ఒక పాత్రని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తీసుకెళ్ళడానికి రెండు పేజీలు రాసేవాణ్ణి. ఇప్పుడు ఒక తెల్లలైను వదులుతాను. అంతా అర్థమవుతుంది, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

గళ్ళనోటు:

నాలుగో అధ్యాయం గారితో ఏకీభవిస్తున్నాను, ఈ చర్చలో మొదటిసారి.

అరసున్న:

నేనూ ఏకీభవిస్తాను. కానీ చిత్తుప్రతి గారిది కథ చివరి పేరా. ఊపిరి బిగబట్టమని అడగడానికి హక్కున్న చోటు అదే.

చిత్తుప్రతి గారూ, రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదట్లో మాటలెక్కువ, తర్వాత మాటలు తక్కువ. రెండిట్లోనూ ఒకటి మారలేదు. మీరింకా ఆ దారాన్ని చూడలేదు. తెల్లది, అంతే తెలుసు మీకు. నాకు కొన్ని ప్రశ్నలున్నాయి. ఏ కాడకి, ఎడమా కుడా? ఎన్ని చుట్లు? ముడి ఎవరేశారు? చూపు ఆనని మనిషి కళ్ళజోడు తీసేసి, దానికే దారం చుట్టుకోవాలి. ఎలా చుట్టుకున్నాడు? దారం మాసిందా, కొత్తదా?

జర్మన్ కవి రిల్కే 1902లో శిల్పి రోదాఁ మీద పుస్తకం రాయడానికి పారిస్ వెళ్ళాడు, తర్వాత కొన్నాళ్ళు ఆయనకి సెక్రటరీగా కూడా చేశాడు. శిల్పి దగ్గర ఉంటే ఏమవుతుంది? మనసులో ఏమనిపించిందో చెప్పడం తగ్గి, ముందున్న వస్తువుని చుట్టూ తిరిగి చూడటం మొదలవుతుంది. జూలో చిరుతపులి మీద రాసిన కవిత అప్పటిదే. పన్నెండు లైన్లు. బోనులో పులిని చూసి అయ్యో పాపం అనే మాట ఎక్కడా లేదు. దాని చూపు, కడ్డీలు, చిన్న వలయంలో తిరిగే అడుగులు, కంటిపాప మీది తెర ఒక్కోసారి లేవడం. చివరికి ఒక బొమ్మ లోపలికి వెళ్ళి, గుండె దగ్గర ఆగిపోతుంది. మన గుండె సంగతి ఆయన చెప్పడు, మనకే తెలుస్తుంది.

మీరు "పశ్చాత్తాపంతో కుమిలిపోయింది" అన్నారు చూడండి, ఆ మాట మీకు ఎందుకు అవసరమైందంటే దారంలో పశ్చాత్తాపం ఎక్కడుందో మీరింకా వెతకలేదు కాబట్టి.

నిద్రరాని పాఠకుడు:

కళ్ళజోడు అన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఎలిజబెత్ బిషప్‌కి పోగొట్టుకోవడం మీద ఒక ప్రసిద్ధ కవిత ఉంది. పంతొమ్మిది లైన్ల కట్టుదిట్టమైన ఛందస్సు. దాని చిత్తుప్రతులు (మీ పేరే!) పదిహేనుకి పైగా దొరికాయి. మొదటి ప్రతి చూస్తే కవితే కాదు, టైపు చేసిన గజిబిజి వచనం. అందులో పోగొట్టుకునే మొదటి వస్తువు ఏంటో తెలుసా, చదువుకునే కళ్ళజోడు. రోజుకి రెండు మూడుసార్లు పోతుందని రాసుకుంది. చివరి కవితలో ఆ కళ్ళజోడు లేదు. తాళంచెవులున్నాయి, అమ్మ గడియారం ఉంది, ఇళ్ళున్నాయి, నగరాలున్నాయి, ఆఖరికి ఒక మనిషి.

అంత గొప్ప కవిత అంత చెత్తగా మొదలైందని తెలిసిన రోజు నాకు రాత్రి బాగా నిద్రపట్టింది. అరుదైన విషయం.

ఆవిడదే ఇంకోటి. 1946లో చేసిన బస్సు ప్రయాణం మీద మొదలెట్టిన కవిత 1972లో పూర్తయింది. సరైన మాట దొరకని చోట ఏదో ఒక మాటతో పూడ్చెయ్యకుండా ఖాళీ వదిలి, కాగితాన్ని గోడకి తగిలించి ఉంచేది. ఇది మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు, కవి కానక్కర్లేదు. మనం ఏం చేస్తాం? మాట దొరక్కపోతే "ఎడారిలా" అని పెట్టేసి ముందుకెళ్తాం, తర్వాత అది అక్కడే స్థిరపడిపోతుంది.

గళ్ళనోటు:

ఇరవై ఆరేళ్ళా! నా సంపాదకుడు ఇరవై ఆరు గంటలు ఇవ్వడు.

సరే, నా వాదన కొంచెం సడలిస్తున్నాను. ఒక సందేహం మాత్రం ఉంది, ఎగతాళి కాదు. అజంతా "స్వప్నలిపి" రెండుసార్లు మొదలెట్టాను, రెండుసార్లూ వదిలేశాను. అర్థం కానిదాన్నుంచి నేర్చుకోవడం ఎలా? చదువుతుంటే నాకే ఏదో లోపం ఉందేమోనని టెన్షన్.

మూడోసారి:

లోపమేం లేదండీ. నేను చేసేది చెప్తాను. ఒక కవిత చేత్తో కాగితం మీద రాసుకుంటాను. టైపు చెయ్యడం కాదు, ఫోటో తీసుకోవడం అసలే కాదు. చెయ్యి నెమ్మది కాబట్టి ప్రతి మాట దగ్గరా ఆగుతుంది. ఆగినప్పుడు, ఇక్కడ నేనైతే ఏ మాట రాసుండేవాణ్ణి అని అడుగుతాను. నా మాట ఒకటి వస్తుంది, కవిది ఇంకోటి ఉంటుంది. ఆ రెండిటి మధ్య తేడా చూసుకోవడమే నా చదువు. కవిత మొత్తానికి అర్థం ఏంటో నాకు చాలాసార్లు తెలీదు, తెలియాలని పట్టుబట్టను కూడా. పాటలో రాగం పేరు తెలీకపోతే వినడం మానేస్తామా?

కామా:

నేనింకో మాట అంటాను. కొన్ని కవితలు నిజంగానే బాగోవు. అర్థం కాకపోవడం ఎప్పుడూ పాఠకుడి తప్పే కాదు. వదిలేసే హక్కు ఉంచుకోండి.

నాలుగో అధ్యాయం:

మూడోసారి గారు చెప్పిన పని నిన్న చేశాను, ఎనిమిది లైన్ల కవితతో. ఎనిమిదింట్లో ఆరు చోట్ల నేనైతే విశేషణం పెట్టేవాణ్ణి, కవి ఒక్కచోట పెట్టాడు. తర్వాత నా నాలుగో అధ్యాయం తెరిచి మూసేశాను.

చిత్తుప్రతి:

అరసున్న గారి ప్రశ్నలు వారంపాటు జేబులో పెట్టుకు తిరిగాను. ఇంట్లో పాత కళ్ళజోడు ఒకటుంటే దాని కాడకి నిజంగానే దారం చుట్టి చూశాను. కళ్ళజోడు లేకుండా నాకూ సరిగా కనబడదు, అయిదుసార్లు జారిపోయింది. ముడి వెయ్యడానికి పళ్ళు వాడాల్సొచ్చింది. ఇంకోటి కూడా తెలిసింది, చుట్టిన దారం ఎక్కువ రోజులు ఆగదు. చెవి దగ్గర చెమటకి మాసి, వదులై జారిపోతుంది. మళ్ళీ చుట్టుకోవాలి. ఇది తెలిసేసరికి నా కథ చివర ఏముందో నాకు మొదటిసారి తెలిసింది.

"సొరుగులో కళ్ళజోడు పెట్టె ఉంది. సుజాత తీసి చూసింది. ఎడమ కాడకి దారం, దగ్గర దగ్గరగా పదిహేను చుట్లు, చివర పంటితో బిగించిన ముడి. ఈ వారం తప్పకుండా బాగు చేయిస్తాను నాన్నా అని తను అన్నప్పుడల్లా ఆయన సరేలేమ్మా అనేవాడు. దారం తెల్లగా ఉంది. కొత్తది."

నిద్రరాని పాఠకుడు:

ఆఖరి మాట చదివి కుర్చీలోంచి లేచాను. ఎన్నిసార్లు మర్చిపోయిందో మొదటి వెర్షన్‌లో మీరు చెప్పారు, అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు లెక్క నేనే వేసుకుంటున్నాను.

అరసున్న:

నాకు మిగిలింది ఒక్క అభ్యంతరం. "పంటితో బిగించిన ముడి" అన్నారు. అది పంటితో బిగించారని సుజాతకి ఎలా తెలుసు? తెలిసింది మీకు, మీరు చుట్టి చూశారు కాబట్టి. సుజాతకి కనబడేది ముడి మాత్రమే, మహా అయితే దారం కొస నలిగి ఉండటం.

చిత్తుప్రతి:

నిజమే. దొరికిపోయాను. "చివర నలిగిన కొస, ముడి" అని మారుస్తున్నాను. పళ్ళ సంగతి నా దగ్గరే ఉంచుకుంటాను.

గళ్ళనోటు:

పేరా బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ కన్నతండ్రిని పట్టుకుని "అనేవాడు" ఏంటండీ? "అనేవారు" అనాలి కదా. అంతకుముందు "ఆయన" అన్నారు కూడా.

కామా:

అమ్మో, అది మార్చకండి. ఆయన అని మొదలెట్టి అనేవాడు అని జారడంలోనే ఉంది కూతురు. నేను దిద్దేదాన్నైతే అక్కడ పెన్ను పెట్టను.

గళ్ళనోటు:

మా ఇంట్లో అలా అంటే ఊరుకోరు.

మూడోసారి:

రెండూ పైకి చదివి చూశాను. "సరేలేమ్మా అనేవారు" అంటే ఎవరో పెద్దమనిషి. "అనేవాడు" అంటే నాన్న. నా ఓటు కామా గారికి.

చిత్తుప్రతి:

ఉంచేస్తున్నాను. కథ రేపు పంపుతున్నాను, అదే సంపాదకుడికి.